వేరింటికి చేమిరి

మోక ఊరి నుంచి

రుద్రక్కకు, నీ తోడికోడలు చంద్రిక రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో చెప్పలేక కార్డు రాస్తున్నాను.

నిన్న బస్సు కోసం నిలబడితే హోటల్ టీవీ ముందు జనం మూగారు. బ్రిటన్ వాళ్ళు యూరప్ కూటమిలోంచి బయటికి రావాలని ఓట్లేశారట. "మంచి పని చేసినారు, ఇంగ నెమ్మది" అన్నారు కొందరు. "కలిసుంటే ఏం పోయేదప్పా" అన్నారు ఇంకొందరు. హోటల్ వీరభద్రప్ప టీ వడగడుతూ, "అంతా పంచుకుంటారు. పొద్దున పాలు తోడేసేకి చేమిరి యాడ తెస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు మాత్రం ఆ గోలంతా దూరమై మన హచ్చొళ్ళి వంటిల్లు కనబడింది. ఉట్టి మీద పెరుగు కుండ, దాన్ని దించే నీ చేతి గాజుల చప్పుడు. వేరుపడిన రోజు బిందెలు, రోకళ్ళు, కాలువ నీళ్ళ వంతు కూడా పంచుకున్నాం. కొత్తింట్లో మొదటి పాలు పెద్దింటి చేమిరితోనే తోడేయాలన్న సంగతి ఆ కోపాల్లో ఎవరికీ గుర్తు రాలేదు. అప్పటి నుంచి మాకు ప్యాకెట్ పెరుగే.

ఎర్రావు ఈనిందా? మామ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఆయనకు నా దండాలు.

శనివారం బస్సులో ఒక గిన్నెలో కాస్త చేమిరి పంపు. వచ్చిన గిన్నెను ఉత్తదిగా తిప్పి పంపకూడదు కదా. దాన్ని నింపుకొని నేనే వస్తాను.

చంద్రిక