ముందు ఒక సాలుకు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. షుగరుతో కంటి లోపల వచ్చి నీ చూపు పోగొట్టిన వాపు ఇప్పుడు అమ్మ రెండు కళ్లకూ వచ్చింది. నెలనెలా కంట్లో సూది ఓర్చుకోలేక నువ్వు మధ్యలో మానేశావు. ఇప్పుడు స్టెరాయిడ్ మందును నెలల తరబడి కొద్దికొద్దిగా వదిలే సన్నటి పుల్ల ఉంది, కంట్లో ఒకసారి పెడితే చాలు. అలాంటివాటినే మా ల్యాబులో కుందేళ్ల మీద పరీక్షిస్తాం. ఒక కంట్లో మందు పెట్టి, పోల్చి చూడటానికి రెండో కన్ను వదిలేస్తాం. ఆఖరికి వాటి ప్రాణం తీసి, ఆ కళ్లు కోసి చూసేదీ నేనే. అందుకే ఈ మందు గురించి ధైర్యంగా చెప్పగలను.

పోయిన నెల అమ్మను ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాను.

కుందేళ్లకు పెట్టి చూశాం, భయం లేదని చెప్తే, “కుందేళ్లు నొప్పని నీతో చెప్తాయా ఏందీ?” అంది.

“చెప్పవు కాబట్టే రోజూ వాటి కళ్లలోకి చూస్తాండా” అన్నాను.

ఆమె డాక్టరు వైపు తిరిగింది. “ఈ కంటికే పెట్టు సామీ, ఆ కన్ను అట్లే ఉండనీ. మా ఆయప్ప కొత్త మందు తెస్తే ముందు ఒక సాలు మిరపకే కొడ్తాండె.”

డాక్టరు నవ్వి, ఆ ఒక్క కంటికే పెట్టాడు. నాకు మాత్రం, మందు కొట్టిన సాలుకూ కొట్టని సాలుకూ మధ్య కూర్చుని, నువ్వు ఆకులు తిప్పి చూడటం గుర్తొచ్చింది. నా పని నేను ఎక్కడ నేర్చుకున్నానో అప్పుడు తెలిసింది.

ఈ పొద్దున నీ జ్ఞాపకార్థ కూడికలో బైబిలు వాక్యం అమ్మే చదివింది, ఎక్కడా తడుముకోకుండా. అందరూ వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

“రెండో సాలుకు ఎప్పుడు కొడ్తాడో అడుగు పాపా.”