మామ్మకి చెప్పిన పురుగు కథ

తాతా,

నువ్వు పోయేనాటికి మా వైద్య పరిశోధన కళాశాలలో మలేరియా ఒక్కటే చదివేవారు. ఈ ఏడు రెండో అంతస్తు కట్టి, బోదకాలుకీ ఒక ప్రయోగశాల పెట్టారు. నేను కోరుకున్నది అదే.

ఇంటివాళ్లకి అర్థమయ్యేదాకా పరిశోధన సగమేనంటారు ఆ ప్రయోగశాల నడిపే మా మేడమ్. అందుకని కొత్తవాళ్లు తాము చేయబోయే పని ఇంటి భాషలో చెప్పాలి, ఇంటివాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. అప్పుడే ప్రయోగశాలలో చోటు. నేను మామ్మని తీసుకెళ్లాను. నీ కాలు ఎవరి దిష్టికో వాచిందని ఆవిడ నమ్మకం కదా, లోపల భయంగానే ఉంది.

లింఫ్‌కి నిఘంటువులో 'శోషరసం' అన్న మాట దొరికి రెండు రోజులు మురిసిపోయాను. మామ్మ మొహం చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి చేరిన పురుగు పెరిగి, సన్నటి కాలవలకి అడ్డం పడుతుందని, నీరు నిలిచి కాలు వాస్తుందని చెప్పాను. దాని పిల్లలు రాత్రిపూటే నెత్తుట్లో తిరుగుతాయన్నాను.

"ఏటే, రాత్రిపూటేనా? అయితే మీ తాతలాగే ఓడల డాకులో నైట్ డ్యూటీ అన్నమాట" అంది మామ్మ.

మేడమ్‌కి తెలుగు రాదు, అది బెంగాలీలో చెప్తే పడీపడీ నవ్వారు. తర్వాత మామ్మ లేచి, దోమ దగ్గర్నుంచి మొత్తం తిరిగి చెప్పింది, నేను మేడమ్‌కి బెంగాలీలో అందించాను. దిష్టి మాటే రాలేదు.

"ఆయన పంచె కిందకి లాగీసి కాలు దాసుకునీవోడు. దోమ కుడితే మనిసికి సిగ్గేటి?" అంది చివర్లో.

నాకు చోటు దొరికింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కావిడకి మామ్మ సగం బెంగాలీలో ఆ కథంతా మొదలుపెట్టింది. మనం దిగే ఖిదిర్‌పూర్ స్టాపు వచ్చినా ఇంకా పూర్తవలేదు. నేను దిగమనలేదు.