ఎలుకల రాయి దగ్గర అన్న మాట

నిషివాకీ,

ఋతువు గురించి ఓ మాటతో ఉత్తరం మొదలుపెట్టడం మన దేశంలో మర్యాద. ఈసారి వదిలేస్తున్నాను. నేరుగా విషయానికి వస్తున్నాను.

నిన్న నా కడుపులోకి గొట్టం వేసి చూశారు. లోపలి పొర మీద చిన్న చిన్న బొడిపెలు ఉన్నాయట. ఒక ముక్క తీసి, క్యాన్సరేమో చూడమని మీ ఆసుపత్రికే పంపారు.

నా కడుపులో పుండుకు ఆమ్లం తగ్గించే మాత్రలు రాసింది నువ్వే. ఆమ్లం తగ్గితే కడుపు ఊరుకోదనీ, గాస్ట్రిన్‌ను ఇంకా ఎక్కువ వదులుతుందనీ, ఆ హార్మోను ఆమ్లాన్ని ఊరించడంతో ఆగక పొరలోని కణాలనూ పెంచుతుందనీ అప్పుడే చెప్పాను. మన ప్రయోగశాల ఎలుకల కడుపులు దళసరెక్కడం నువ్వూ చూశావు. అయినా ఆ ఏడు, ప్రయోగాల్లో చచ్చిన జంతువుల స్మారక శిల ముందు అందరం తలలు వంచి నిలబడితే, గురువునని సెన్సే అంటూనే నా చెవిలో అన్నావు:

"మీరు ఎలుక కాదు కదా, సెన్సే. హాయిగా మింగండి."

అది వినబడి వెనకవాళ్ళు నవ్వు ఆపుకోలేక దగ్గారు. తరవాత వైద్యుల సభలో నా వ్యాసాన్ని "ముసలాయన ఎలుకల పురాణం" అన్నావు. ఏదీ మరిచిపోలేదు.

నీది తప్పని తేలే రోజు కోసమే ఇన్నేళ్ళు ఎదురుచూశాను. ఇప్పుడు అదే రోజు రాకూడదని మొక్కుకుంటున్నాను.

ఆ ముక్కను కుర్రవాళ్ళకు వదలకు. సూక్ష్మదర్శిని ముందు నువ్వే కూర్చో. చూశాక ఫోను చెయ్యి. వివరణలు వద్దు. ఆ రాయి దగ్గర అన్న మాటే, అదే వెటకారంతో, ఇంకొక్కసారి అను.

నీ పాత గురువు