సంధ్య కోసం కోసిన హలీం ఆకు

సుజాతా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మన మల్కాజ్‌గిరి ఇంటి పెరట్లో హలీం ఆకుకూర మళ్లీ గుబురుగా పెరిగింది. నువ్వు దాచిన గింజలు డబ్బా అడుగున కొన్ని మిగిలి ఉంటే, చలి మొదలవగానే చల్లాను. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంటే ఆవఘాటు నాలుకకు తగిలింది. నీ చేతి గింజలు అవే ఆఖరు కాబట్టి, మళ్లీ విత్తనానికి వచ్చేదాకా మడిని ముట్టుకోకూడదనుకున్నాను.

పొద్దున పక్కింటి యాదమ్మ వచ్చింది.

"అన్నా, మా సంధ్య బిడ్డనెత్తుకొని దవాఖాన నుంచి ఇంటికొచ్చింది. పాలు సరిగ్గ పడ్తలేవు. జెర హలీం ఆకు ఉంటే ఇయ్యవా?"

"అయిపోయింది యాదమ్మా" అన్నాను.

నా వెనకే మడి పచ్చగా కనిపిస్తోంది. ఆమె దాన్ని చూసింది. "పర్వాలేదన్నా" అని, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది.

కాలనీలో ఏ బాలింతకైనా అడగకముందే ఆకు పంపేదానివి. నీ గుర్తు దాచుకుందామని నీ పేరే పోగొట్టాను. సిగ్గుతో నాకు అన్నం సయించలేదు.

మధ్యాహ్నం కత్తెర తీసుకుని, విత్తనానికి ఒక మూల వదిలి, మిగతాదంతా కోశాను. గిన్నె పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను.

"పొద్దున అబద్ధం చెప్పిన యాదమ్మా" అన్నాను. తలెత్తలేకపోయాను.

ఆమె గిన్నె అందుకుంది. "సుజాతక్క ఉంటే ఈపాటికి పప్పుల వేసి వండుకొచ్చేది" అంటూ కళ్లు తుడుచుకుంది. "లోపలికి రా అన్నా, పిల్లను చూసి పో."

వెళ్లాను. సంధ్య పిల్లను నా చేతుల్లో పెట్టింది. మెడ కింద చెయ్యి పెట్టమని చెప్పడానికి పక్కన నువ్వు లేవు.