భారతి అద్దాలు తీసేసింది

సుశీలా,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్లు. మొన్న మన భారతికి బెంగళూరులో కళ్లకు లేజర్ ఆపరేషన్ చేయించాను. సోడాబుడ్డి అద్దాల పీడ పోయింది. చుక్కలు వేసి ఎర్రదీపం వైపు చూడమన్నారట. వెంట్రుక కాలిన వాసన వచ్చిందట కానీ నొప్పి లేదట. కొన్నాళ్లు కళ్లు ఇసుక పడినట్టు గరగరలాడతాయని డాక్టరు ముందే చెప్పాడు.

నాకు మనసు ఊరుకోలేదు. లేజర్ వేడి తలకెక్కిందేమోనని, గోరంట్లలో ఇల్లు చేరగానే నీలాగే దాని మాడుకు ఆముదం పెట్టబోయాను.

"నాయనా! అది కంట్లోకి కారితే నా చూపు పోతాది! వారం దాకా తలకేమీ తగలకూడదని డాక్టరు చెప్పలేదా?" అని అరిచింది.

భయంతో గిన్నె పట్టుకుని గడప దాకా వెనక్కి వచ్చేశాను. "పోనీలేమ్మా, నిన్ను చేసుకునేవానికి దాచిపెడతా. వానికి తిక్క ఉండాల కదా!" అన్నాను.

ఇదివరకు అద్దాలు తీస్తే ఇంత దూరంలో నా ముఖం దానికి మసకగానే ఉండేది. మూడేళ్లుగా అది అద్దాలు తీసినప్పుడల్లా అదే నాకు చాటు. నోటితో పరాచికాలాడుతూ కళ్లు తుడుచుకునేవాణ్ణి. ఇప్పుడూ అట్లే తుడుచుకున్నాను.

అది నవ్వలేదు. "తమాషాలు సరే నాయనా, ఏడుస్తాండావెందుకు?" అంది.

చూపు బాగా వచ్చింది సుశీలా. ఈ ఇంట్లో ఇక నాకు ఏడవడానికి చోటు లేదు.