హారతి పుచ్చుకుని వెళ్ళిపోయిన కారు

వేలూరు,
7-3-1954, ఆదివారం.

పూజ్యులైన నాయన గారి పాదాలకు, ఈ క్షణాన వాటిని గట్టిగా పట్టుకుని ఉన్న మీ కుమారుడు చెంగల్రాయలు చేసుకునే నమస్కారాలు.

ఈ ఉత్తరంలో ఇకమీదట రాబోయే ప్రతి వాక్యానికీ ముందుగానే, సంపూర్ణంగా, బేషరతుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. కొత్త కారు కోసం మూడు రోజులు అన్నం మానినందుకు క్షమించండి. తాత నాటిన మామిడితోపు అమ్మెయ్యమని అవ్వ నెత్తిన కూర్చున్నందుకు క్షమించండి. కారు లేకపోతే బి.ఏ. పరీక్షకు కూర్చోనని ప్రతిజ్ఞ పట్టినందుకు మరీ మరీ క్షమించండి. వీటిలో ఏ ఒక్కటీ నేను చేయలేదు. అయినా అవ్వ పేరుతో మీకు అందిన ఉత్తరంలో ఇవన్నీ ఉన్నాయని రాశారు కనుక, సెక్రటేరియట్ గుమాస్తా గారి కొడుకుగా కాగితానికి ఇవ్వవలసిన గౌరవం ఇచ్చి ముందు క్షమాపణ చెప్పి, తరువాత సంజాయిషీ సమర్పించుకుంటున్నాను.

ఇక్కడ అందరం క్షేమం. గుడియాత్తంలో అవ్వ అంగట్లో కూర్చుని లుంగీ బేరంలో అర్ధణా కూడా తగ్గడం లేదంటే ఆమె ఆరోగ్యం గురించి వేరే రాయనక్కరలేదు. హాస్టలులో సాంబారు పల్చబడింది, నేను మాత్రం పల్చబడలేదు. మీ ఆఫీసు గుడారం గాలికి లేచిపోయి, ఫైళ్ళు పట్టుకోవడానికి గుమాస్తాలంతా కర్నూలు వీధుల్లో పరుగెత్తారని చదివి కొంచెం దిగులుపడి, ఎక్కువగా నవ్వాను. దానికి కూడా క్షమించండి. అమ్మకు అక్కడి ఎండ పడుతున్నదో లేదో మీరు రాయలేదు. అడిగి రాయండి.

ఇక మీ ప్రశ్న. "కాలేజీలో చదివే కుర్రవాడు కొత్త కారు భరించగలడా? నవ్వకుండా జవాబు రాయి" అన్నారు. నవ్వకుండా రాస్తున్నాను. ఆర్కాటు రోడ్డులో ఉన్న కార్ల కంపెనీకి నేను మూడుసార్లు వెళ్ళిన మాట వాస్తవం. అక్కడ ఆకుపచ్చ రంగు కారు ఒకటి ఉంది. దాని తలుపు మూస్తే చప్పుడు కాదు, ఎవరో పెద్దమనిషి 'ఊఁ' అన్నట్టుంటుంది. వెల పదివేల మూడు వందలు. తోపుకు రంగరాజులు ఇస్తానన్నది ఆరు వేలు. అంటే తాత చెట్లన్నీ ఇచ్చేసినా, వెనక సీటూ పైకప్పూ కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. పోనీ, కారు ఊరికే ఇచ్చారనుకుందాం. మీరు పంపే నలభై రూపాయల్లో హాస్టలు వాళ్ళు ఇరవై ఎనిమిది తింటారు. మిగిలిన పన్నెండుకు నాలుగు గ్యాలన్ల పెట్రోలు వస్తుంది. దానితో గుడియాత్తానికి మూడుసార్లు వెళ్ళి రావచ్చు. ఆ తరువాత నెలాఖరు దాకా నిలబడిపోయిన కారులో కూర్చుని చదువుకోవాలి. కాబట్టి, భరించలేడు.

అయినా కావాలనిపించింది నాయనా. అది దాచను. అవ్వ తనంతట తానే, "మన ఇంట్లో మొదట బి.ఏ. చదివేవాడివి, బస్సు పైన మూటల మధ్య కూర్చుని వస్తే నాకు తలవంపులు" అని కారు మాట ఎత్తినప్పుడు నేను గట్టిగా కాదనలేదు. పదిహేను రోజుల పాటు ఆ తలుపు చప్పుడు నా చెవిలో ఉంది. మీ ఉత్తరం వచ్చాకే నాకు తెలివి వచ్చింది. తోపు అమ్మవద్దని అవ్వకు రెండుసార్లు రాశానన్నారు. అవ్వ నాతో చెప్పింది వేరు. "మీ నాయన నీ ఇష్టం అమ్మా అని రెండుతూర్లు రాసినాడు" అని చెప్పింది.

కిందటి వారం శనివారమే గుడియాత్తం వెళ్ళాను. సంగతి ఏమిటంటే, అవ్వకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు కదా. అంగడి లెక్క రాసుకునే అరవ అక్షరాలతోనే ఆమె చదువు ముగిసింది. ఈమధ్య మీ ఉత్తరాలు ఆమెకు చదివి వినిపిస్తున్నదీ, ఆమె చెబితే మీకు రాస్తున్నదీ ఎదురింటి రంగరాజులు. తోపు కొంటానంటున్నదీ ఆ రంగరాజులే. నేను అన్నం మానడం, ప్రతిజ్ఞ పట్టడం, అన్నీ ఆయన కలం లోంచి పుట్టాయి. పైగా అక్టోబరులో చిత్తూరు జిల్లా ఆంధ్రలోకి పోయింది గనుక, సరిహద్దు ఊరు పరదరామి అవతల ఉన్న మన తోపు పరాయి సర్కారు నేల అయిపోయిందనీ, ఉగాది దాటితే మద్రాసు వైపు వాళ్ళ భూములు అక్కడ చెల్లవనీ అవ్వకు నమ్మకంగా చెప్పాడు. అడ్వాన్సు ఇచ్చేశాడు, గురువారం రిజిస్ట్రేషన్ అని ముహూర్తం కూడా పెట్టేశారు.

మీ రెండు ఉత్తరాలూ పెట్టెలోంచి తీసి నేనే చదివి వినిపించాను. అవ్వ శ్రద్ధగా విని, ఆకు వక్క నోట్లో వేసుకుని, "నీ చదువు నాకు తెలుసులే నాయనా. లేనిదంతా చేర్చి చదువుతావు. రంగరాజులు అబద్ధం చెప్పినా మొగాన నవ్వు ఉండదు" అంది. ఆమె ఎందుకు అట్లా అన్నదో చివర్లో మనవి చేసుకుంటాను. అప్పటిదాకా తొందరపడి కాగితం తిప్పకండి.

మాటతో పని కాదని తెలిసింది. ఆమె కళ్ళతో చూస్తే గాని నమ్మదు. తోపు దాకా బస్సు లేదు, ఎద్దుల బండిలో ఆమె నడుము ఒప్పుకోదు. కార్ల కంపెనీలో కొనేవాళ్ళను కారులో తిప్పి చూపించే డ్రైవరు కన్నప్ప అని ఒకడున్నాడు. మా అవ్వ కారు కొనబోతోంది, ఒకసారి ఎక్కించి చూపించమని అడిగాను. ఆ రోజుకు అది అక్షరాలా నిజం. బుధవారం పొద్దున తొమ్మిదికి ఆకుపచ్చ కారు మన గుమ్మం ముందు ఆగింది. నేను లోపలికి వెళ్ళి, "అవ్వా, ఊరికే చూడ్డానికి" అని మొదలుపెట్టేలోపే అవ్వ చూసేసి, కారు కొనేసినట్టే అనుకుంది.

తరువాత జరిగినది పావుగంటలో జరిగిపోయింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. అద్దానికి పసుపు, కుంకుమ. బానెట్టు ముందు కొబ్బరికాయ, నడివీధిలో బూడిద గుమ్మడికాయ, కర్పూరహారతి. వీధి వీధంతా వచ్చి కళ్ళకద్దుకుంది. రంగరాజులు కూడా వచ్చి ప్రసాదం పుచ్చుకున్నాడు. కన్నప్ప నా చెవిలో, "తంబీ, ఇది అమ్మకానికి ఉండే బండి. మా కంపెనీ మొదలాళి చూస్తే నాకు హారతి ఇస్తాడు" అన్నాడు. నేను నోరు తెరవవలసిన సమయం అదే. ఆ సమయంలో నా నోట్లో ఏముందో తరువాత రాస్తాను.

కొత్త బండి మొదట తోపుకే పోవాలని, అమ్మేముందు తాత చెట్లకు ఒకసారి చూపించాలని అవ్వే అంది. ఎక్కేటప్పుడు చూస్తే ఆమె ఒళ్ళో గుడ్డమూట ఉంది. ఏమిటవ్వా అంటే, అక్టోబరు నుంచి మీరు రాసిన ఉత్తరాలన్నీనట. సరిహద్దులో పోలీసు ఆపితే, "నా కొడుకు జయరామయ్య మీ సర్కారులోనే ఉండాడు" అని చూపించడానికి తెచ్చుకుంది. నాకు ఆ తరువాత పరదరామి దాకా హాస్యం తోచలేదు.

పరదరామి దాటాక వేగం తగ్గించమంది. మూట విప్పి పై ఉత్తరం చేతిలో పట్టుకుంది. రోడ్డు పక్కన కొత్తగా పాతిన బోర్డు ఒకటి వచ్చింది, పోయింది. ఎదురుగా వచ్చిన బండివాడు బీడీకి నిప్పు అడిగి వెళ్ళాడు. ఇంకో మైలు పోయాక అవ్వ నా భుజం తట్టింది.

"గీత యాడ ఉండాది నాయనా?"

"దాటేసినాము అవ్వా."

"ఎవరూ అడగలేదే?"

"నిప్పు అడిగినారు కదా."

అవ్వ నాకు ఒక్క మొట్టికాయ వేసి, ఉత్తరం మళ్ళీ మూటలో పెట్టింది.

తోపు పూతతో ఉంది నాయనా. కావలి కాసే కన్నియమ్మ చెట్ల కింద ఆకులు ఊడుస్తోంది. సర్కారు మారినాక ఎవరైనా వచ్చి తోపు మాది అన్నారా అని అవ్వ మొదటి ప్రశ్న. కన్నియమ్మ చీపురు పక్కన పెట్టి, "ఎవురొస్తారమ్మా? అదే కరణం, అదే శిస్తు. రసీదు నిన్ననే ఇచ్చినాడు, మీ పేరే ఉండాది" అంటూ కొంగు ముడి విప్పి రసీదు తీసి, మునిరత్నమ్మ అని కూడబలుక్కుని చదివింది. అవ్వ తల తిప్పి చూసింది.

"నీకు చదవను వచ్చునా?"

"అయిదో తరగతి దాకా పోయినాను కదమ్మా, మా ఊరి బడికి."

అవ్వ నా వంక చూడలేదు. మూటలోంచి మీ ఫిబ్రవరి ఉత్తరం తీయించి కన్నియమ్మ చేతికి ఇచ్చింది. కన్నియమ్మ చెట్టుకు ఆనుకుని, ఒక్కొక్క అక్షరమే ఏరుకుంటున్నట్టు చదివింది. తోపు అమ్మవద్దు. సరిహద్దు మారినా భూమి నీదే. ఈ విషయం ఆఫీసులో విచారించి రాస్తున్నాను. మనియార్డరు అందినట్టు తెలియజేయవలెను. ఇట్లు. నేను చదివింది అక్షరం పొల్లు పోకుండా అదే. నేను గెలిచాను, కానీ అవ్వ ఇంకా కన్నియమ్మ మొహం కేసే చూస్తోంది.

"అంతేనా? ఇంకేమీ రాయలేదా?"

"అంతేనమ్మా. కింద సంతకం ఉండాది."

అవ్వ ఉత్తరం తీసుకుని మడత పెట్టింది. తరువాత తాత మొదట నాటిన చెట్టు దగ్గరకు వెళ్ళి, మొదలు మీద చెయ్యి వేసి నిలబడి, వచ్చి, రంగరాజులుకు అడ్వాన్సు వాపసు ఇచ్చేస్తున్నానని చెప్పింది. తోపు ఉంటుంది నాయనా. మరి తోపు అమ్మకపోతే కారు ఎట్లా అని ఆమె తటపటాయించేలోపే, కారు మనది కాదు, చూడడానికి తెచ్చినదని చెప్పేశాను.

"మరి నేను గుమ్మడికాయ కొట్టేటప్పుడు నీ నోట్లో ఏమి పెట్టుకున్నావు?"

"కొబ్బరిముక్క అవ్వా. నువ్వే పెట్టినావు."

అవ్వ నవ్విన నవ్వుకు కన్నియమ్మ కూడా నవ్వింది. కన్నప్ప ఒక్కడే నవ్వలేదు, తోపు బావి నీళ్ళతో కారుకు అంటిన గుమ్మడి గింజలు కడుక్కుంటున్నాడు. కుంకుమబొట్టు మాత్రం తుడవనివ్వలేదు అవ్వ. హారతి పట్టిన బండిని ఉత్తచేతులతో పంపకూడదని ఇంటికి వచ్చాక పసుపు, తాంబూలం, కన్నప్పకు మంచి లుంగీ ఒకటి పెట్టి, కూతుర్ని అత్తారింటికి సాగనంపినట్టు వీధి చివరి దాకా వెళ్ళి పంపించి వచ్చింది. కన్నప్ప ఉద్యోగం పోలేదు. ఆ మరునాడే విరించిపురం ఆసామి ఒకాయన వచ్చి, బొట్టు ఉన్న కారే శుభమని దాన్నే కొన్నాడట. తలుపు 'ఊఁ' అనడం ఇప్పుడు ఆయన వింటున్నాడు. రంగరాజులు తన కళ్ళజోడు పాతబడిందని, అక్షరాలు సరిగా ఆనలేదని చెప్పాడు. కళ్ళజోడు మార్చుకో, తోపు జోలికి మాత్రం రావద్దని అవ్వ శాంతంగానే చెప్పింది.

ఇప్పుడు మొదట చెప్పుకున్న క్షమాపణలన్నీ వాపసు తీసుకుంటున్నాను. వాటి బదులు ఒక్కటి ఉంచుకుంటున్నాను. అది నేను నిజంగా చేసినది.

మీరు కర్నూలు వెళ్ళిన కొత్తలో మీ ఉత్తరాలు అవ్వకు నేనే చదివేవాణ్ణి. మీ ఉత్తరం నాలుగు వరుసలు నాయనా. క్షేమం, మనియార్డరు, అంగడి జాగ్రత్త, ఇట్లు. నేను ముగించిన తరువాత కూడా అవ్వ ఆ కాగితం వైపే చూస్తూ కూర్చునేది. మూడో ఉత్తరంలో ఒక వరుస నేను చేర్చాను. "అమ్మా, రాత్రి అన్నం ముందు కూర్చుంటే నీ చేతి ఉలవచారు గుర్తుకొస్తుంది" అని. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరువాత నాలుగో ఉత్తరంలో, అయిదో ఉత్తరంలో కూడా చేర్చాను. నేను వేలూరు వచ్చేశాక ఒకరోజు ఆమెకు ఆ మాట మళ్ళీ వినాలనిపించింది. అనుమానంతో కాదు, ముచ్చటపడి. అదే ఉత్తరం పట్టుకుని ఎదురింటికి వెళ్ళి రంగరాజులు చేత చదివించుకుంది. అందులో ఉలవచారు లేదు. ఆ రోజు నుంచి మీ ఉత్తరాలు ఆయన చేతికి పోయాయి, నా మాట ఎగతాళి అయింది. తోపు అమ్మకం దాకా వచ్చిన దారి మొదట తీసినవాణ్ణి నేనే.

శిక్ష ఏది వేసినా ఒప్పుకుంటాను. ఒక్క మనవి. ఈసారి అవ్వకు రాసేటప్పుడు మనియార్డరు మాటకూ ఇట్లుకూ మధ్య కాస్త చోటు ఉంటుంది. అక్కడ ఆ వరుస మీ చేత్తో రాయండి. ఉలవచారు కాకపోతే మీకు నిజంగా గుర్తొచ్చేది ఇంకేదైనా సరే. ఇకమీద ప్రతి సంతరోజు కన్నియమ్మ గుడియాత్తం వచ్చి ఉత్తరాలు చదివి పెడుతుంది. ఆమె ఉన్నది ఉన్నట్టే చదువుతుంది నాయనా.

ఇట్లు,
బస్సు పైన మూటల మధ్య కూర్చుని రాబోయే మీ కుమారుడు,
చెంగల్రాయలు.