సీటు దించకండి

ఏమండీ,

కూర వేడి చేసుకుని తినండి, చల్లటిది మింగేసి పడుకోకండి. సాయంత్రం స్టేషన్లో సైకిల్ మెట్ల పక్కన పెట్టకండి. అక్కడున్నవన్నీ పోలీసులు లారీలో ఎత్తుకుపోతున్నారని సైకిల్ స్టాండు తాత చెప్పాడు. లోపల మూడో వరుసలో, గడియారం కింద పెట్టండి. ఎంత ఇరుకైనా అక్కడే దూర్చండి, నేను వచ్చి తీసుకుంటాను.

మీ రైలు వెళ్లిన పది నిమిషాలకు, నేను పని నుంచి తిరిగొచ్చే రైలు వస్తుంది. ఇంకా వెచ్చగా ఉందేమోనని రోజూ సీటు తడిమి చూస్తాను. తాత నవ్వుతాడు, నవ్వనీండి. మీకు రాత్రి డ్యూటీ పడి నాలుగు నెలలు. ఒకే ఇంట్లో కాపురం చేస్తూ మీ మొహం చూసి ఎన్నాళ్లయిందో! పొద్దున నన్నూ, సాయంత్రం మిమ్మల్నీ చూసే భాగ్యం ఆ సైకిల్‌కే దక్కింది.

అన్నట్టు, మరిచేపోయాను. నాకు కాళ్లు అందవని రోజూ సీటు కిందికి దించి వెళ్తున్నారు కదా, ఇక దించకండి. మీ ఎత్తుకే వదిలేయండి, నేనే దించుకుంటాను. మా ఆయన ఇంత పొడుగని రోజుకోసారైనా గుర్తు చేసుకోనివ్వండి.